మంగళ, బుధవారాల్లో లీగ్ మ్యాచ్‌లు పెడితే బయటి ఊరి ఫ్యాన్స్ ఎట్లా రావాల?

చిత్తూరు వెస్ట్‌బ్లాక్:
బెంగళూరు ఎఫ్‌సీ ఫుట్‌బాల్ మ్యాచ్‌ల కోసం బెంగళూరు కంఠీరవ స్టేడియంకు పోయే మన తెలుగోళ్ళు ఈ గ్రూపులో చానామంది ఉండారు కాబట్టి ఇక్కడే అడుగుతున్నా. వారం మధ్యలో, అంటే మంగళ, బుధవారాల్లో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) మ్యాచ్‌లు పెట్టడం కరెక్టేనా? నా మటుకు నేను కాదనే అంటా. ఊర్లో ఉండేవాళ్ళం ఎట్లో ఒకట్ల ఆఫీసులో చెప్పుకోని వచ్చేస్తాం, కానీ అవే (away) ఫ్యాన్స్, అంటే టీమ్ వెంట బయటి ఊరి నుంచి వచ్చేవాళ్ళ సంగతేంది? చెన్నై నుంచి 350 కిలోమీటర్లు, కొచ్చి నుంచి 550 దాకా. హైదరాబాద్ క్లబ్బు ఇక్కడికి ఆడను వచ్చిన రోజుల్లో వాళ్ళకు 570 కిలోమీటర్లు. బుధవారం రాత్రి ఏడున్నరకు మ్యాచ్ అంటే అక్కడివాడు మంగళవారం రాత్రి బస్సెక్కల్ల, బుధవారం లీవు పెట్టల్ల, మ్యాచ్ అయినాక మళ్ళా రాత్రి బస్సు, గురువారం పొద్దున దిగి మొహం కడుక్కోని నేరుగా డ్యూటీకి. ఎవడు చేస్తాడు చెప్పండి, చేసినా సీజన్‌కు ఎన్నిసార్లు చేస్తాడు?

2014లో ఐఎస్ఎల్ మొదలైనప్పుడు అక్టోబర్ 12 నుంచి డిసెంబర్ 20 లోపల మొత్తం ముగించేసినారు, టీవీలో సీరియల్ వచ్చినట్టు దాదాపు రోజూ ఒక మ్యాచ్. 2022-23 నుంచి గురువారం టు ఆదివారం అనే పద్ధతికి వచ్చినారు, చానా సంతోషపడినాం, కానీ ఆ తర్వాత కూడా మధ్యలో బుధవారాలు దూరతానే ఉండాయి. ఎదురు స్టాండ్‌లో ఇంకో రంగు జెర్సీలు, ఇంకో భాషలో పాటలు లేకపోతే మనం ఎంత అరిచినా అది సగం మ్యాచే. అది పోగొట్టుకోని టీవీ స్లాట్ నింపుకుంటే లీగ్‌కు వచ్చేదేముంది?

మడివాల నైట్ బస్సు:
అన్నా నీ బాధ అర్థమయింది గానీ నేను పూర్తిగా ఆపోజిట్. నాలాంటోళ్ళకి వారం మధ్యలో మ్యాచే దిక్కు. శుక్రవారం సాయంత్రం మడివాల, ఆనందరావు సర్కిల్, కేఆర్ పురం ఒక్కసారి వచ్చి చూడు, అనంతపురం, కర్నూలు, కడప, నెల్లూరు, తిరుపతి బస్సుల కోసం నిలబడి ఉండేదంతా మనోళ్ళే. అమ్మానాన్న ఊర్లో ఒక్కళ్ళే ఉంటే శని ఆదివారాలు ఇంటికి పోకుండా స్టేడియంకి ఎట్లా పోతాం? నేను చూసిన మ్యాచ్‌లు సగానికి పైగా వర్కింగ్ డే మ్యాచ్‌లే.

ఇంకోటి, రోజుని బట్టి జనం రారు, మ్యాచ్‌ని బట్టి వస్తారు. 2016 అక్టోబర్ 19, ఏఎఫ్‌సీ కప్ (ఆసియా క్లబ్బుల కప్పు) సెమీస్ రెండో లెగ్, మలేషియా జోహోర్ టీమ్‌తో. ఏ వారం? బుధవారం. ఒక గోల్ వెనకబడి 3-1తో గెలిచాం, ఛెత్రి రెండు, హువానాన్ ఒకటి, ఒక ఇండియన్ క్లబ్ మొదటిసారి ఆ కప్ ఫైనల్‌కి పోయింది. ఆ రాత్రి కంఠీరవ ఎట్లా ఊగిపోయిందో నువ్వే చెప్పు, నువ్వు వెస్ట్ బ్లాక్ స్టాండ్‌లో ఉండేవాడివే కదా.

చిత్తూరు వెస్ట్‌బ్లాక్:
ఉన్నా తమ్ముడూ, గొంతు పోయింది ఆ రోజు. కానీ ఆసియా సెమీఫైనల్ తెచ్చి మామూలు లీగ్ మ్యాచ్ పక్కన పెడితే ఎట్లా? ఆ రోజు నిండింది మనోళ్ళతో. ఆసియా మ్యాచ్‌లు వారం మధ్యలోనే పెడతారు, అది అందరికీ ఒకటే రూలు, దానికి నేనేం అనడంలేదు. లీగ్‌కు ఆ అవసరం ఏముంది అనేదే నా ప్రశ్న.

గచ్చిబౌలి గ్యాలరీ:
నేను హైదరాబాద్ ఎఫ్‌సీ ఫ్యాన్‌ని, ఉండేది వైట్‌ఫీల్డ్‌ల. అవే ఫ్యాన్స్ అవే ఫ్యాన్స్ అంటున్నరు, అసలు మన దేశంల అవే ఫ్యాన్ ఎవరో ముందు చూడాలె. మా టీమ్ కంఠీరవకి వచ్చినప్పుడు పసుపు జెర్సీ ఏసుకొని కూసున్నది హైదరాబాద్ నుంచి బస్సుల వచ్చినోళ్ళు కొందరే, మిగతాదంతా మేమే, వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీ, మారతహళ్ళిల ఉండే తెలుగోళ్ళం. కేరళ బ్లాస్టర్స్ మ్యాచ్ అయితే స్టేడియంల సగం వాళ్ళ ఫ్యాన్స్ గ్రూపు మంజప్పడ లెక్కనే కనిపిస్తది, వాళ్ళల్ల ఎక్కువమంది కూడా ఈ ఊర్ల పనిచేసే మలయాళీలే. అంటే బుధవారం అయితే మాకూ మీకూ కష్టం ఒకటే, ఔటర్ రింగ్ రోడ్డు మీద ఆరు గంటలకు ఇరుక్కునుడు. దూరం కాదు సమస్య, టైము.

కానీ ఒక్క మాట చిత్తూరన్నకు సపోర్ట్‌గ చెప్తా. ఉల్టా తిప్పి చూడుర్రి. నేను ఇక్కడ్నుంచి గచ్చిబౌలిల హోమ్ మ్యాచ్‌కి పోవాలంటే శని ఆదివారం అయితేనే అయ్యేది. 2022 మార్చి 20, ఫటోర్డాల బ్లాస్టర్స్ మీద పెనాల్టీలల్ల గెలిచి ఛాంపియన్ అయినం, అది ఆదివారం కాబట్టే గోవాకి పోగలిగిన. ఆ తర్వాత సీజన్లల్ల బాలయోగి స్టేడియంల వర్కింగ్ డే మ్యాచ్‌లు ఎన్నో వదులుకున్న, మళ్ళ పోదాంలే అనుకుంట. 2025ల క్లబ్బే ఢిల్లీకి పోయింది. ఇగ ఏడికి పోవాలె? పోయిన మ్యాచ్‌లు పోయినట్టే. ఇట్ల దూరంగ ఉండి ప్రాణం పెట్టుకునేటోళ్ళు ప్రతి క్లబ్బుకీ ఉంటరు, టికెట్ లెక్కలల్ల వాళ్ళు కనపడరు.

టైన్ నది పక్కన:
రెండేళ్ళు న్యూకాజిల్‌లో చదువుకుని వచ్చానండీ, ఇప్పుడు హెచ్ఎస్ఆర్‌లో ఉంటున్నా. ఇంగ్లండ్‌లో ఈ గొడవ ఇక్కడికంటే పాతది, వాళ్ళెలా నెట్టుకొస్తున్నారో చెప్తా.

న్యూకాజిల్ నుంచి బోర్న్‌మత్ దాదాపు 350 మైళ్ళు, అంటే 560 కిలోమీటర్లు, ఇంచుమించు మన బెంగళూరు హైదరాబాద్ దూరమే. మంగళవారం రాత్రి మ్యాచ్ పడితే అయ్యేసరికి తిరుగు రైలు ఉండదు, ఫ్యాన్స్ అందరూ కోచ్ బస్సుల్లో రాత్రంతా ప్రయాణం చేసి తెల్లారేసరికి ఇంటికి చేరతారు. అయినా అవే స్టాండ్ ఖాళీగా ఉండదు. ఎందుకంటే ప్రీమియర్ లీగ్‌లో అవే ఫ్యాన్స్‌కి ఇచ్చేదే 3,000 టికెట్లు, గ్రౌండ్ 30,000 కంటే చిన్నదైతే పది శాతమే, బోర్న్‌మత్ గ్రౌండ్‌లో పట్టేదే పదకొండు వేల చిల్లర. అన్ని కొద్ది టికెట్లకి లక్షల మంది ఫ్యాన్స్ ఉంటే ఏ రోజైనా నిండుతుంది. దానికితోడు ఫ్యాన్స్ గ్రూపులు ఏళ్ళ తరబడి పోరాడితే 2016-17 నుంచి అవే టికెట్ 30 పౌండ్లు దాటకూడదని రూలు పెట్టారు. నేను చెప్పేదేంటంటే రోజు మార్చలేకపోతే ఖర్చు తగ్గించండి, మిగతాది ఫ్యాన్స్ చూసుకుంటారు.

వారం మధ్యలో మ్యాచ్‌లు ఎందుకొస్తాయంటే క్యాలెండర్‌లో చోటు లేక. 20 టీములు, 38 మ్యాచ్‌లు, పైన రెండు దేశీ కప్పులు, యూరప్ వేరే. ఛాంపియన్స్ లీగ్‌లో గ్రూప్ దశకి ఆరు మ్యాచ్‌లు ఉండేవి, 2024-25 నుంచి ఎనిమిది చేశారు. అదే సీజన్ నుంచి ఎఫ్ఏ కప్‌లో మొదటి రౌండు మొదలుకుని రీప్లేలు (డ్రా అయితే మళ్ళీ ఆడే మ్యాచ్‌లు) ఎత్తేశారు, పెద్ద క్లబ్బులకి హాయి, కానీ పెద్ద టీమ్‌తో రీప్లే దొరికితే ఆ ఒక్క రాత్రి వచ్చే డబ్బుతో ఏడాది గడిపే చిన్న క్లబ్బులకి అది పెద్ద దెబ్బ. అందుకని వారం మధ్య మ్యాచ్ అంటేనే చెడ్డదని అనలేం.

చిత్తూరు వెస్ట్‌బ్లాక్:
బ్రో, నువ్వు చెప్పినవన్నీ ఒప్పుకుంటా, కానీ అక్కడ 38 మ్యాచ్‌లు, ఇక్కడ ఒక్కో టీమ్‌కు 24కు మించి పెట్టిన సీజన్ ఉందా? చోటు లేదనే మాట మనకు అతకదు. ఇంకోటి, ఇంగ్లండ్‌లో చానా క్లబ్బులు అటెండెన్స్ అని చెప్పేది అమ్ముడైన టికెట్ల లెక్క, సీజన్ టికెట్ ఉండేవాడు చలికి భయపడి ఇంట్లో పడుకున్నా వాడు వచ్చినట్టే లెక్క. అందుకే కాగితం మీద మంగళవారం, శనివారం ఒకేరకంగా కనపడతాయి. ఇక్కడ మనకు సీజన్ టికెట్లు కొనే అలవాటే తక్కువ, అందుకే బుధవారం వస్తే ఖాళీ కుర్చీలు టీవీలో బయటపడిపోతాయి.

నువ్వు ఇంగ్లండ్ చెప్పినావు కదా, నేను జర్మనీ చెప్తా. బుండెస్‌లీగాలో కొన్ని మ్యాచ్‌లు సోమవారం రాత్రికి మార్చినారు. 2018 ఫిబ్రవరి 19, ఫ్రాంక్‌ఫర్ట్‌లో లీప్‌జిగ్‌తో మ్యాచ్, సోమవారం వద్దని ఫ్యాన్స్ గ్రౌండ్ లోపలికి టెన్నిస్ బాల్స్ విసిరినారు. మళ్ళా వారం, ఫిబ్రవరి 26, డార్ట్‌మండ్‌లో ఆగ్స్‌బర్గ్‌తో మ్యాచ్‌కు వచ్చింది 54,300 మంది. మామూలుగా అక్కడ 80,000 నిండుతుంది. 2021-22 నుంచి సోమవారం మ్యాచ్‌లు ఎత్తేసినారు.

టైన్ నది పక్కన:
అది బాయ్‌కాట్ కదండీ, ప్రయాణం కుదరక రాకపోవడం కాదు. రోజు వల్ల జనం తగ్గారని ఆ లెక్కతో చెప్పలేం, పాతిక వేల మంది కావాలనే మానేశారు.

చిత్తూరు వెస్ట్‌బ్లాక్:
కావాలనే మానేసినారు, నేను చెప్పేదీ అదే. సొంతూరి ఫ్యాన్స్, డార్ట్‌మండ్ వాళ్ళు, వాళ్ళకు ప్రయాణం కష్టమే లేదు, అయినా బయటి ఊరి ఫ్యాన్స్ కోసం, ఇంకో సోమవారం తాము అవే పోవాల్సిన రోజు కోసం ఇంట్లో కూర్చున్నారు. ఆ ఐకమత్యం మన దగ్గర రాలేదు. చెన్నై క్లబ్బు చెన్నయిన్ ఫ్యాన్ కష్టం మనకెందుకులే అనుకుంటాం, రేపు మనమే మెరీనా అరేనాకు, అంటే చెన్నై నెహ్రూ స్టేడియంకు బుధవారం పోవాల్సి వచ్చినప్పుడు ఏడుస్తాం.

ఫ్యామిలీ స్టాండ్:
అందరూ ప్రయాణాల గురించే మాట్లాడుతున్నారు, ఊళ్ళో ఉండే ఆడవాళ్ళు, పిల్లల సంగతి కూడా కాస్త చూడండి. వర్కింగ్ డే ఎనిమిదికి కిక్కాఫ్ పెట్టిన సీజన్లు ఉన్నాయి, మ్యాచ్ అయ్యేసరికి పది. మా పాపకి పొద్దున్నే స్కూలు బస్సు. స్టేడియం గేటు దగ్గర అందరూ ఒకేసారి క్యాబ్ బుక్ చేస్తారు, రేటు రెండింతలు, ఆటోవాళ్ళు మీటర్ వేయరు, కబ్బన్ పార్క్ మెట్రో స్టేషన్ దాకా నడవాలంటే ఆ టైమ్‌లో ఒంటరిగా అయితే నాకు ధైర్యం చాలదు. ఆదివారం ఐదున్నర మ్యాచ్‌కి మాత్రం మా అపార్ట్‌మెంట్ నుంచే నాలుగైదు కుటుంబాలు కలిసి వెళ్ళాం, పిల్లలు మొహాలకి నీలం రంగు పూసుకున్నారు. ఆ పిల్లలే కదండీ ఇంకో పదేళ్ళకి టికెట్లు కొనేది. ఏడున్నరకీ ఎనిమిదికీ తేడా అరగంటే అనిపిస్తుంది, కానీ నాకు వెళ్ళడమా మానడమా అనేది ఆ అరగంటలోనే తేలిపోతుంది.

పెరంబూరు మచ్చాన్:
చెన్నై నుంచి రాస్తున్నా, చెన్నయిన్ ఫ్యాన్‌ని, ఇంట్లో తెలుగే. ఆ అక్క చెప్పిన అరగంట మాకు కూడా ప్రాణం. ఎట్లాగంటే, ఏడున్నర కిక్కాఫ్ అయితే తొమ్మిదిన్నరకి లోపల అయిపోద్ది, కబ్బన్ పార్క్ నుంచి మెజెస్టిక్ మూడే స్టేషన్లు, పదిన్నర దాటాక కదిలే మెయిల్ పట్టుకుంటే తెల్లవారకముందే సెంట్రల్‌లో దిగుతాం, ఆఫీసుకి లీవు సగం రోజు చాలు. ఎనిమిదికి కిక్కాఫ్ అయితే 85వ నిమిషంలో లేచి పరిగెత్తాలి, లేకుంటే రైలు పోద్ది. స్కోరు 1-1 ఉన్నప్పుడు స్టాండ్ వదిలి పోవడం ఎంత నరకమో ఒకసారి అనుభవిస్తే తెలుస్తుంది. మీరు ఇటు వచ్చేటప్పుడు ఇంకా సుఖం, మా నెహ్రూ స్టేడియం సెంట్రల్‌కి నడిచే దూరం. కాబట్టి చెన్నై బెంగళూరు మ్యాచ్ బుధవారం పెట్టినా ఓర్చుకుంటాం, కానీ మాకు గౌహతి మ్యాచ్, మీకు జంషెడ్‌పూర్ మ్యాచ్ ఏ రోజు పెట్టినా ఒకటే, ఎవరూ పోలేం. ఏ మ్యాచ్‌కి జనం ప్రయాణం చేస్తారో ఆ నాలుగైదు జతలు చూసి వాటికి మాత్రం శని ఆదివారాలు ఇస్తే చాలు. 2018 మార్చి 17 ఫైనల్ శనివారం కంఠీరవలో పడింది కాబట్టే పొద్దుటి రైళ్ళలో గుంపులుగా వచ్చాం, మీ ఊళ్ళోనే మిమ్మల్ని 3-2తో కొట్టి కప్పు ఎత్తుకుపోయాం, మైల్సన్ రెండు హెడర్లు ఇప్పటికీ కళ్ళలో ఉన్నాయి.

మడివాల నైట్ బస్సు:
ఆ ఫైనల్ గుర్తు చేయకు బ్రో, ఛెత్రి తొమ్మిదో నిమిషంలోనే గోల్ కొట్టాక కూడా పోయింది.

సరే, శుక్రవారం పెడితే? మరుసటి రోజు లీవే కదా, అవే ఫ్యాన్స్‌కి సుఖం. 2023 మార్చి 3 బ్లాస్టర్స్‌తో ప్లేఆఫ్, వాళ్ళు సర్దుకోకముందే ఛెత్రి ఫ్రీకిక్‌తో గోల్ కొట్టాడని టీమ్ మొత్తం బయటికి వెళ్ళిపోయిన మ్యాచ్, అది శుక్రవారమే. నేను ఊరికి పోయే టికెట్ క్యాన్సిల్ చేసుకుని ఉన్నా. కానీ ప్రతి శుక్రవారం అంటే నాకు కుదరదు, ఆ రోజు సాయంత్రం సిల్క్ బోర్డ్ దాటి స్టేడియంకి రావడం ఏ వారంలోనైనా అన్నిటికంటే కష్టం.

పెరంబూరు మచ్చాన్:
శుక్రవారం రాత్రి మెయిల్‌లో బెర్త్ ఎప్పుడు చూసినా వెయిటింగ్ లిస్టే. అసలు మీరెవరూ అనని మాట ఒకటుంది. రైలు రిజర్వేషన్ 2024 నవంబర్ నుంచి 60 రోజుల ముందు తెరుస్తున్నారు, అంతకుముందు 120 ఉండేది. ఫిక్స్చర్లు అంతకంటే ముందు వస్తే బుధవారమైనా శుక్రవారమైనా బెర్త్ దొరుకుతుంది, లీవు ముందే చెప్పుకుంటాం. సగం సీజన్‌కి లిస్టు ఇచ్చి మిగతా సగం తర్వాత ఇస్తే, ఆపైన మధ్యలో తేదీలు మారిస్తే, తత్కాల్ కోసం పొద్దున పదింటికి ఫోన్ పట్టుకుని కూర్చోవాల్సిందే.

చిత్తూరు వెస్ట్‌బ్లాక్:
ఇది నిజం మచ్చాన్. రోజు మీద నేను తగ్గను, లీగ్ మ్యాచ్ బుధవారం వద్దనే అంటా. కానీ 60 రోజుల సంగతి మాత్రం మన ఫ్యాన్స్ గ్రూపులు, మీ బీ స్టాండ్ బ్లూస్, మంజప్పడ అందరూ కలిసి లీగ్‌కు ఒకే లెటర్‌గా రాయొచ్చు. మా వైపు నుంచి తెలుగు, కన్నడ, ఇంగ్లీషులో నేను డ్రాఫ్ట్ మొదలుపెడతా. అరవంలో నువ్వు రాస్తావా?

పెరంబూరు మచ్చాన్:
ఈ ఆదివారం లోపల పంపిస్తా అన్నా. ఎనిమిది గంటల కిక్కాఫ్ వద్దని కూడా అందులో పెట్టు, ఆ అక్క చెప్పింది మొదటి పాయింట్‌గా.