పని మొదలుపెట్టే ముందు వేరేవాళ్ల పని చూడాలా, వద్దా?

మసిబొగ్గు:
నేను పుస్తకాలకు కవర్లు వేస్తుంటాను. పోయిన నెల ఒక కథల సంపుటికి వేసిన బొమ్మ సంగతి ముందు చెప్పి తర్వాత ప్రశ్న అడుగుతాను. మూసిన తలుపు, దాని కింద సందులోంచి సన్నగా వెలుతురు, గడప ముందు ఒకే ఒక్క చెప్పు. రచయితకు తెగ నచ్చింది, నాకూ భలే కుదిరిందనిపించింది. రెండు రోజుల తర్వాత వేరే దేనికోసమో నా పాత ఫోల్డర్ వెతుకుతుంటే అదే తలుపు, అదే వెలుతురు, అదే ఒంటి చెప్పు. ఎవరో వేసిన బొమ్మ, ఎనిమిది నెలల కిందట నేనే సేవ్ చేసి పెట్టుకున్నది. చెప్పు కూడా ఎడమ కాలిదే! ఒట్టు, వేసేటప్పుడు అది నా తలలో లేదు. రచయితకు ఉన్నదున్నట్టు చెప్పేసి కవర్ వెనక్కి తీసుకున్నాను.

అప్పటినుంచి ఒక నియమం పెట్టుకున్నా. పని చేతికొచ్చాక మొదటి రఫ్‌లు పూర్తయ్యేదాకా పింటరెస్ట్ సైటులో బొమ్మలు లేవు, వేరేవాళ్ల కవర్లు లేవు, ఏమీ చూడను. నాతో పనిచేసే ఆయన మాత్రం ఇది ఉత్త మూర్ఖత్వం, నూతిలో కప్పలా తయారవుతావ్ అంటున్నాడు. మీరేమంటారు?

రెండోడ్రాఫ్ట్:
నా ఓటు ఆయనకే. నేను కథలు రాస్తాను. చదవకుండా రాసేవాడి కథ రెండో పేజీలోనే దొరికిపోతుంది, ఎందుకంటే తనే కనిపెట్టాననుకున్న మలుపు ఎప్పుడో అరిగి నున్నబడిందని పాపం అతనికి తెలీదు. వాన్ గో సంగతే చూడండి. 1887లో హిరోషిగే జపనీస్ ముద్రణ చిత్రాలను కూర్చుని నూనె రంగుల్లోకి ఎక్కించాడు, పూసిన చెట్టు ఒకటి, వానలో వంతెన ఒకటి. అంచుల్లో తనకు చదవడం రాని జపనీస్ అక్షరాలు కూడా దించాడు. ఆయన కళ్లు మూసుకుని ఉంటే ఆ తర్వాతి వాన్ గో ఉండేవాడా?

మసిబొగ్గు:
అది నేర్చుకోవడం అండీ. నేర్చుకునేటప్పుడు కాపీ చేయొద్దని నేననలేదు, నేనూ వందలు కాపీ చేశాను. నా గొడవల్లా పని చేసే ఆ వారం గురించే. డబ్బు తీసుకుని, నా పేరు వేసుకుని ఇచ్చే బొమ్మ గురించి.

కొలబద్ద:
మసిబొగ్గు గారి భయం ఊరికే పుట్టింది కాదు, దానికి ప్రయోగమే ఉంది. 1991లో జాన్సన్, స్మిత్ అనే ఇద్దరు పరిశోధకులు ఇంజనీరింగ్ డిజైన్ చేసేవాళ్లకు కొన్ని సమస్యలు ఇచ్చారు. ఒక గుంపుకు సమస్య మాత్రమే, ఇంకో గుంపుకు సమస్యతో పాటు నమూనా బొమ్మ ఒకటి. వాటిలో ఒకటి ఒలకని కాఫీ కప్పు. స్ట్రా వాడకూడదు, నోటితో పీల్చే గొట్టం పెట్టకూడదు అని ముందే చెప్పారు, కానీ చూపించిన నమూనాలో అవి రెండూ ఉన్నాయి. ఏమైంది? నమూనా చూసినవాళ్లు వద్దన్నా సరే స్ట్రాలు, గొట్టాలు పెట్టుకుంటూ పోయారు. నమూనాలో ఉన్న లోపాలు కూడా వాళ్ల డిజైన్లలోకి దిగిపోయాయి. దీన్నే డిజైన్ ఫిక్సేషన్ అంటారు. చెడ్డ నమూనా అని తెలిసినా చెయ్యి అటే పోతుంది, నాకు రోజూ అనుభవమే.

చిలిపిచుక్క:
కోతిని తలుచుకోకుండా మందు తాగమన్నట్టుంది 😄

రెండోడ్రాఫ్ట్:
కొలబద్ద గారూ, ప్రయోగం బాగుంది, కాదనను. కానీ మసిబొగ్గు గారు మొదట రాసింది మళ్లీ చదవండి. ఆ తలుపు బొమ్మ చూసింది ఎప్పుడు? ఎనిమిది నెలల కిందట! ఇప్పుడు పెట్టుకున్న నియమం అప్పుడే ఉన్నా ఈ కవర్ ఇలాగే వచ్చేది. ఆ వారం కళ్లు మూసుకుంటే ఏం లాభం, దొంగ ఇంట్లోకొచ్చి ఎనిమిది నెలలైతే?

బీటిల్స్ బృందంలోని జార్జ్ హారిసన్ కేసు ఇదే కదా. 1970లో వచ్చిన ఆయన పాట 'మై స్వీట్ లార్డ్', 1963లో హిట్టయిన 'హీ ఈజ్ సో ఫైన్' పాటలా ఉందని కోర్టుకెక్కారు. 1976లో జడ్జి తేల్చింది ఏంటంటే, కావాలని ఎత్తుకోలేదు, తెలియకుండానే మనసులోంచి వచ్చింది, అయినా కాపీ కాపీయే. ఆయనేమీ పాట రాసే ముందు ఆ రికార్డు పెట్టుకుని వినలేదు. మర్చిపోయిందే ప్రమాదం. గుర్తున్నదైతే పక్కకు తప్పుకుంటాం.

మసిబొగ్గు:
ఇది నాకు తట్టలేదు. నిజమే, నా నియమం నా కేసుకే పనికిరాలేదు. కాస్త సిగ్గుగా ఉంది.

అయితే చూడాల్సింది మొదట్లో కాదు, చివర్లోనా? రఫ్ అయ్యాక, ఇలాంటిది ముందే ఉందా అని?

కొలబద్ద:
రెండూ. మొదట్లో చూడకపోతే కాఫీ కప్పు గొడవ తప్పుతుంది, చివర్లో వెతికితే హారిసన్ గొడవ తప్పుతుంది. ఇమేజ్ సెర్చ్‌లో పడేస్తే రెండు నిమిషాల పని, మీ ఫోల్డర్ తిరగేస్తే ఇంకో పది.

రైలుపిట్ట:
అందరూ ఎప్పుడు చూడాలి అనే కొట్టుకుంటున్నారు, ఎక్కడ చూడాలో ఎవరూ మాట్లాడరేం? కవర్లు వేసేవాడు కవర్లే చూస్తే కవర్లాంటి కవరే వస్తుంది.

జపాన్ బుల్లెట్ రైలు కథ తెలిసిందే అయినా చెప్తాను. రైలు వేగంగా సొరంగంలోకి దూరితే ముందున్న గాలి నొక్కుకుపోయి అవతలి చివర ఢామ్మని పేలినట్టు శబ్దం వచ్చేది, చుట్టుపక్కల జనానికి నిద్ర లేదు. ఐజీ నకాట్సు అనే ఇంజనీరుకు పక్షులు చూడటం సరదా. లకుముకి పిట్ట గాలిలోంచి నీళ్లలోకి దూకినా నీళ్లు పెద్దగా చింద‌వు. పల్చటి గాలిలోంచి చిక్కటి నీళ్లలోకి వెళ్లడం, బయటి గాలిలోంచి సొరంగంలోకి వెళ్లడం ఒకే రకం సమస్య అని ఆయనకు తట్టింది. రైలు ముక్కు ఆ పిట్ట ముక్కులా సాగదీశారు. 1997లో ఆ 500 సిరీస్ రైళ్లు గంటకు 300 కిలోమీటర్ల వేగంతో నడిచాయి. వేరే రైళ్ల ముక్కులు ఎన్ని చూసినా ఇది వచ్చేదా?

రెండోడ్రాఫ్ట్:
ఆ పిట్ట కథ ప్రతి డిజైన్ క్లాసులో చెప్తారు, చెప్పేటప్పుడు ఒక సంగతి వదిలేస్తారు. ఆయన రైలు కోసం పిట్టల దగ్గరికి పోలేదు. పిట్టలంటే ఇష్టం కాబట్టి చూశాడు, అది రైలుకు పనికొచ్చింది. "బయటి రంగాల్లో ప్రేరణ వెతకండి" అని సలహా ఇస్తే మనవాళ్లు ఏం చేస్తారు, పిట్టల బొమ్మలతో ఇంకో పింటరెస్ట్ బోర్డు పెడతారు. పులిని చూసి నక్క వాతలు పెట్టుకున్నట్టు.

రైలుపిట్ట:
హహ, ఒప్పుకుంటున్నా. నా బోర్డు పేరే 'పక్షులు'.

పేరులేదు:
పేర్లు, ఊళ్లు మార్చేస్తే చాలు, ఎవరూ ఏమీ చేయలేరు. ఎందుకింత టెన్షన్?

కొలబద్ద:
నొస్ఫెరాటు తీసినవాళ్లూ అలాగే అనుకున్నారు. 1922లో డ్రాక్యులా నవలను హక్కులు కొనకుండా, పేర్లు మార్చి సినిమా తీశారు. రచయిత భార్య కోర్టుకెళ్లింది, ప్రింట్లన్నీ నాశనం చేయమని 1925లో తీర్పు వచ్చింది. ఎక్కడో మిగిలిన కాపీల వల్ల మనం చూడగలుగుతున్నాం.

అచ్చుతప్పు:
ఆలస్యంగా వచ్చాను. మీ చర్చ అంతా మనమే రెఫరెన్స్ ఎంచుకుంటామన్నట్టు సాగుతోంది. నా దగ్గరికొచ్చే ప్రతి క్లయింటూ ముందే ఒక బొమ్మ పంపి "అచ్చం ఇలాగే కావాలి, కానీ కాపీలా ఉండకూడదు" అంటాడు. అప్పుడేం చేస్తారు? కళ్లు మూసుకుని మెయిల్ తెరుస్తారా?

నేను చేసేది చెప్తాను, పెద్ద రహస్యమేం కాదు. ఆ బొమ్మలో వాళ్లకు నచ్చిందేంటో ఫోన్లో అడిగి ఒక వాక్యంగా రాసుకుంటాను, తర్వాత బొమ్మ ఉన్న విండో మూసేస్తాను. వాక్యంలో వస్తువుల పేర్లు ఉండకూడదు. మసిబొగ్గు గారి తలుపు బొమ్మే తీసుకుంటే, తలుపు, చెప్పు, వెలుతురు అని రాసుకుంటే మళ్లీ అవే వేస్తాం. "ఎవరో ఇప్పుడే వెళ్లిపోయారు, తిరిగి రారు" అని రాసుకున్నారనుకోండి, ఇక ఎన్ని దారులు! ఇంకా ఊగుతున్న ఉయ్యాల. సగం తాగి వదిలేసిన గ్లాసు. దండెం మీద ఖాళీ క్లిప్పులు. కథలకైతే ఇంకా బాగా పనిచేస్తుంది.

రెండోడ్రాఫ్ట్:
ఖాళీ క్లిప్పులు నేను తీసుకుంటున్నా, ముందే చెప్తున్నాను సుమా.

అచ్చుతప్పు:
తీసుకోండి. ఎక్కడ చూశానో నాకే గుర్తులేదు 🙂

మసిబొగ్గు:
అచ్చుతప్పు గారి వాక్యం గోడకు అంటించుకుని నాలుగు రోజులు కూర్చున్నాను. కొత్త కవర్ అయింది. తలుపు లేదు, చెప్పు లేదు. ఉత్త గోడ, ఒక మేకు, ఫొటో తీసేసిన చోట చుట్టూ ఉన్న రంగు కంటే తెల్లగా మిగిలిన చతురస్రం. ఇమేజ్ సెర్చ్‌లో పెట్టాను, నా ఫోల్డర్లు మూడూ తిరగేశాను, ఏమీ తగల్లేదు. రచయిత మాత్రం తలుపే బాగుందంటున్నాడు, అది వేరే సంగతి. శుక్రవారం ఫైలు ప్రెస్‌కు వెళ్తుంది, ఈలోగా మీలో ఎవరైనా ఇలాంటిది ఎక్కడైనా చూసుంటే దయచేసి చెప్పండి.

చిలిపిచుక్క:
చూశాను. మా హాల్లో, టీవీ పైన.