మాసాబ్ ట్యాంక్‌లో చెరువు ఉన్న రోజులు ఎవరికైనా తెలుసా?

హైదరాబాద్‌లో రోజూ వేలమంది "మాసాబ్ ట్యాంక్" అంటూ బస్సు దిగుతారు. అక్కడ చెరువు మాత్రం లేదు. గోల్కొండను ఏలిన మహమ్మద్ కులీ కుతుబ్ షా కూతురు హయాత్ బక్షీ బేగంను జనం "మా సాహెబా" అని పిలిచేవారు. ఆమె పేరు మీద వెలిసిన "మా సాహెబా తలాబ్" జనం నోట్లో నలిగి ఇలా మారింది. హయాత్‌నగర్ కూడా ఆమె పేరే. చెరువు ఉన్నచోట ఇప్పుడు చాచా నెహ్రూ పార్కు ఉంది.

నేను ఈ చెరువు కథను వివరంగా రాసి పెట్టాలనుకుంటున్నాను. పేరు మిగిలి నీళ్లు పోవడం నాకు చాలా బాధగా ఉంటుంది.

కట్ట ఏ వైపు ఉండేది? తూము, అలుగు ఎక్కడ? నీళ్లు ఏ కాలువ గుండా వచ్చేవి? అన్నిటికంటే ముఖ్యంగా, చివరిసారి నిండింది ఎప్పుడు? మీ ఇంట్లో పెద్దవాళ్లు అక్కడ ఈత కొట్టామనో, బట్టలు ఉతికామనో చెప్పి ఉంటే ఆ మాటలు ఉన్నవున్నట్టుగా రాయండి, చిన్నవైనా సరే. పాత ఫొటో ఉంటే మరీ మంచిది.

1910ల్లో లియొనార్డ్ మన్ ఆధ్వర్యంలో తయారైన నగర పటాలను చదవడం తెలిసినవాళ్లు ఉన్నారా? వాటిలో చెరువు హద్దును ఇప్పటి రోడ్లతో పోల్చి చూడాలి. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో శిఖం భూముల (చెరువు నీళ్లు నిలిచే భూముల) ఉర్దూ కాగితాలు చూసినవాళ్లు ఉంటే, ఏ ఫైలు అడగాలో దయచేసి చెప్పండి.