ఫొకాషియా మీద కూరగాయల అలంకరణ: కింద పిండి పచ్చిగా, పైన ఆకు నల్లగా

బరంపురం_వంటిల్లు
చలికాలం కదా, బజార్లో ఉల్లికాడలు, చిన్న టమాటాలు, క్యాప్సికం, కొత్తిమీర బాగా దొరుకుతున్నాయి. వాటితో ఫొకాషియా అనే ఇటాలియన్ రొట్టె మీద పూలమొక్కల బొమ్మలు పేరుస్తున్నాను. 28 లీటర్ల ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్), 9 అంగుళాల చదరపు ట్రే. 300 గ్రాముల మైదా, 240 గ్రాముల నీళ్లు, 200 డిగ్రీల్లో 25 నిమిషాలు. టమాటా కింద పిండి జిగురుగా ఉండిపోతోంది. కొత్తిమీర మాడి రాలిపోతోంది. పిండి పొంగేసరికి ఉల్లికాడలు లేచి పక్కకి జరిగిపోతున్నాయి. నీళ్లు తగ్గించాలా, వేడి పెంచాలా?

రాయగడ_రొట్టె
రెండూ చెయ్యాలండి. 300కి 240 అంటే 80 శాతం నీళ్లు. గట్టి గ్లూటెన్ (పిండికి సాగే గుణమిచ్చే ప్రొటీన్) ఉన్న బ్రెడ్ పిండి దానికి ఆగుతుంది. మన ప్యాకెట్ మైదాలో ప్రొటీన్ 100 గ్రాములకి 10 గ్రాముల దగ్గర ఉంటుంది, విడిగా అమ్మే మైదా సంగతి చెప్పనే అక్కర్లేదు. 215 గ్రాముల నీళ్లతో మొదలుపెట్టండి. అందులోనూ 15 పక్కన ఉంచి, పిండి పీల్చుకుంటేనే పొయ్యండి. ఉప్పు 6 గ్రాములు, ఇన్‌స్టంట్ ఈస్ట్ 2 గ్రాములు (అర టీస్పూను కంటే కాస్త ఎక్కువ), నూనె పిండిలోకి 15, ట్రేలోకి 20.

పిసకనక్కర్లేదు. కలిపి 20 నిమిషాలు వదిలేసి, చేతులు తడిచేసుకుని నాలుగు వైపుల నుంచీ లాగి మడవండి. అరగంట ఎడంగా మూడుసార్లు. తర్వాత మూతపెట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో. పొద్దున్న ట్రేలోకి మార్చి, ట్రే కదిపితే పిండి వణికేదాకా పొంగనివ్వండి. బరంపురం వాతావరణంలో గంటన్నర పట్టొచ్చు. గడియారం కాదు, పిండిని చూడండి.

ఇక వేడి. 230 డిగ్రీలకి 20 నిమిషాలు ముందే కాచాలి. ట్రే కింది అరలో పెట్టి, మొదటి 12 నిమిషాలు కింది రాడ్డు ఒక్కటే, తర్వాత 10 నిమిషాలు రెండూ. గాజు ట్రే వద్దు, అల్యూమినియందే వాడండి. సాయంత్రం వోల్టేజీ పడిపోయే వీధుల్లో ఇంకో చిక్కు ఉంది. 230 వోల్టులకి బదులు 200 వస్తే రాడ్డు వేడి దాదాపు నాలుగో వంతు తగ్గిపోతుంది. నాబ్ మీద అంకె చూసి మోసపోవద్దు, వందల్లో దొరికే ఓవెన్ థర్మామీటర్ ఒకటి లోపల పెట్టుకోండి.

కాడలు_ఆకులు
నీళ్ల లెక్కలో సగం కూరగాయల్లోనే ఉందండి. టమాటాని సగానికి కోసి గింజల గుజ్జు వేలితో తీసెయ్యాలి, ఉప్పు జల్లి 15 నిమిషాలు బోర్లించి, గుడ్డతో అద్దాలి. పెట్టేటప్పుడు కోసిన వైపు పైకి. రెండు ముక్కలు ఒకదాన్నొకటి తాకకూడదు. అలంకరణ మొత్తం ట్రేలో మూడో వంతు మించితే అది రొట్టె కాదు, కూరే. క్యాప్సికం 3 మిల్లీమీటర్ల చీలికలు. క్యారెట్ 22 నిమిషాల్లో ఉడకదు, పీలర్‌తో పొరలు తీస్తేనే పనికొస్తుంది.

ఉల్లికాడలు లేచిపోవడానికి కారణం, వాటిని పైపైన పరచడం. వేడినీళ్లలో 20 సెకన్లు ముంచి తీస్తే వంగుతాయి, రంగు నిలుస్తుంది. ముందు ట్రే అడుగు తగిలేదాకా వేళ్లతో పిండిలో గుంటలు పెట్టండి, ఆ తర్వాత కాడని గుంటల్లోకి నొక్కి, నూనె రాసి, వెంటనే లోపల పెట్టెయ్యండి. పొంగే ముందు పేరిస్తే బొమ్మంతా చెదురుతుంది.

కొత్తిమీరకి వేరే దారి లేదు: కాడలు ముందు, ఆకు చివరి 4 నిమిషాల్లో, నూనెలో ముంచి. కరివేపాకు కూడా అంతే. ఈ పనికి అన్నిటికంటే నాకు నచ్చేది వాము ఆకు. పెరట్లో ఊరికే పెరుగుతుంది, పిజ్జా మీద చల్లే ఒరెగానోలో ఉండే కార్వక్రాల్ అనే వాసన పదార్థం ఇందులోనూ ఉంటుంది కాబట్టి వాసన దగ్గరగా వస్తుంది. నీరెక్కువ గనక సన్నగా తరిగి నూనెలో కలిపి రాయాలి, నిండు ఆకు పెట్టొద్దు. ఆవనూనె మాత్రం వద్దు. ఘాటు కూరగాయల రుచిని మింగేస్తుంది. ఆలివ్ నూనె ఖరీదనుకుంటే వేరుశనగ నూనె చాలు.

కోరాపుట్_చలి
కొండమీద ఉన్నవాళ్లకి ఒక మాట. ఇక్కడ పుష్యమాసం రాత్రుల్లో ఫ్రిజ్ అవసరమే ఉండదు, వంటింట్లో మూతపెట్టి వదిలేస్తే పొద్దుటికి రెట్టింపవుతుంది. రొట్టె లోపల కాలిందో లేదో థర్మామీటర్ గుచ్చి చూసే అలవాటున్నవాళ్లు సముద్రతీరంలో 96 డిగ్రీలు చూస్తారు. ఇక్కడ నీళ్లే 97 దగ్గర మరుగుతాయి, కాబట్టి 93 చాలు.

రాయగడ_రొట్టెగారూ, ఉప్పునీళ్ల సంగతి చెప్పలేదేం? ఇటలీలోని జెనోవాలో కాల్చే ముందు నూనె, నీళ్లు, ఉప్పు గిలకొట్టి గుంటల్లో పోస్తారు కదా.

రాయగడ_రొట్టె
కావాలనే వదిలేశాను. కూరగాయలు లేకపోతే తప్పకుండా పొయ్యాలి. ఇక్కడ టమాటా తడే ఎక్కువ.

కాడలు_ఆకులు
పూర్తిగా మానేస్తే పైభాగం బిస్కెట్టులా గట్టిపడుతుందండి. 20 మిల్లీలీటర్ల నీళ్లు, అంతే నూనె, 2 గ్రాముల ఉప్పు గిలకొట్టి, కూరగాయలు లేని గుంటల్లో మాత్రమే చెంచాతో పొయ్యండి. పిండిలో ఉప్పు 5 గ్రాములకి తగ్గించండి.

బరంపురం_వంటిల్లు
బఠాణీలు పెట్టొచ్చా? పూల మధ్యలో బాగుంటాయి. కాలిన తర్వాత ట్రేలోనే ఎంతసేపు ఉంచాలి?

కాడలు_ఆకులు
పచ్చివి పెడితే ముడుచుకుని రాళ్లవుతాయి. 2 నిమిషాలు ఉడికించి, ఆరబెట్టి, లోతుగా నొక్కండి. ట్రేలో 5 నిమిషాలు మించొద్దు, ఆవిరి పట్టి అడుగు మెత్తబడుతుంది. జాలీ మీదకి తీసి, 20 నిమిషాలాగి కొయ్యండి.