యూట్యూబ్ వాళ్లు కూడా కేబుల్ ఖర్చు భరించాలా?

హన్మకొండ పోరడు: టెలికాం కంపెనీల సంఘం సీఓఏఐ ఎప్పటినుంచో ఒకటే మాట మీద ఉంది. యూట్యూబ్, నెట్‌ఫ్లిక్స్ లాంటివాళ్లే లైన్లన్నీ నింపేస్తున్నారు కాబట్టి నెట్‌వర్క్ ఖర్చులో వాటా ఇవ్వాలట. నాకైతే సబబే అనిపిస్తోంది. ఇసుక లారీలు తిరిగి రోడ్డు గుంతలు పడితే లారీల వాళ్లనే కదా అడుగుతాం?

కాజీపేట కాకా: తమ్మీ, ఆ లారీని పిలిపించింది నువ్వే. నువ్వు నొక్కితేనే వీడియో వస్తుంది, దానికి నెలనెలా రీఛార్జ్ కడుతున్నావు. ఒకే సరుకుకు రెండు వైపులా కిరాయి తీసుకుంటారా? కొరియాలో నెట్‌వర్క్ ఫీజులు భరించలేక వీడియో గేమ్‌ల లైవ్ చూపించే ట్విచ్ 2024 ఫిబ్రవరిలో దుకాణం సర్దేసింది. పైగా నెట్‌ఫ్లిక్స్ తన సర్వర్లను ఆపరేటర్ల దగ్గర ఉచితంగానే పెడుతుంది. ఎక్కువమంది చూసే సినిమా ప్రతిసారీ దూరం నుంచి రానక్కర్లేదు.

నర్సంపేట కేబులాయన: మీ పంచాయితీలో మా ఊసే లేదు. మొన్న రోడ్డు పనిలో జేసీబీ పన్ను తగిలి లైన్ తెగింది. రాత్రి ఎనిమిదిన్నర, ముసురు. మా తమ్ముడు ఫైబర్ అతికించే స్ప్లైసింగ్ మిషన్ మీద గొడుగు పట్టాడు. నేను వెంట్రుకంత పోగులు ఒక్కొక్కటే తుడిచి, కోసి, అతికించాను. మొత్తం పన్నెండు. అయ్యేసరికి పదకొండు దాటింది. ఆ మధ్యలో ఫోన్లే ఫోన్లు, "సీరియల్ పోయింది" అని! నెట్‌ఫ్లిక్స్ పైసలిచ్చినా పెద్ద కంపెనీల జేబులోకే పోతాయి. మా దాకా ఎందుకొస్తాయి?

ములుగు టీచర్: పైసలు పోగుచేసే దారి ఇప్పటికే ఉంది కదా సార్. టెలికాం కంపెనీలు ఏజీఆర్‌లో, అంటే ప్రభుత్వం లెక్కగట్టే తమ ఆదాయంలో, 8 శాతం లైసెన్స్ ఫీజు కడతాయి. ఆ ఎనిమిదిలో ఐదు వంతులు పల్లెల కోసం పెట్టిన నిధికే. 2023 చట్టంతో దాని పేరు డిజిటల్ భారత్ నిధి అయింది. గ్రామ పంచాయతీలకు ఇంటర్నెట్ ఇచ్చే భారత్‌నెట్‌కు డబ్బు అక్కడిదే. ఇక మన రాష్ట్రంలో మిషన్ భగీరథ నీళ్ల పైపులకు తవ్విన కందకాల్లోనే రాష్ట్ర ప్రభుత్వ ఇంటర్నెట్ ప్రాజెక్టు టీ-ఫైబర్ కేబుల్ గొట్టాలు (డక్టులు) వేశారు. తవ్వడానికే ఎక్కువ ఖర్చు, అది కలిసొచ్చింది. కొత్తగా ఇంకొకరి దగ్గర వసూలు చేసేముందు ఈ నిధి నుంచి రిపేర్లకు, చిన్న ఆపరేటర్లకు ఎంతిస్తారో తేల్చాలి.

నర్సంపేట కేబులాయన: అదీ మాట. తవ్వడం ఒక్కసారే మేడం, అతికించడం మాత్రం ప్రతి వానాకాలం ఉంటుంది. కోతులు కొరికినవి లెక్కలో లేవు.

హన్మకొండ పోరడు: అన్నా, మరి లైన్ తెంపినందుకు జేసీబీ వాళ్లు ఏమైనా ఇచ్చారా?

నర్సంపేట కేబులాయన: డ్రైవర్ చాయ్ తాగించాడు.