ప్రామిసరీ నోటుకి లామినేషన్ చేయించవచ్చా?

ప్రశ్న:
నమస్కారం. మా నాన్నగారు ఊళ్లో ఒకాయనకి 2022 నవంబరులో నోటు మీద రెండు లక్షలు ఇచ్చారు. 2024 మేలో ఆయన పదివేలు కట్టి, నోటు వెనక చెల్లు రాసి సంతకం పెట్టాడు. 'మిర్చి అమ్మగానే ఇస్తా' అని వాట్సాప్‌లో కూడా పెట్టాడు. ఇప్పుడేమో ఆ సంతకమే నాది కాదంటున్నాడు. దావా వేయడానికి సోమవారం కాగితాలన్నీ తెమ్మన్నారు లాయరు గారు. నోటు మడతల దగ్గర చిరుగుతోంది. లామినేషన్ చేయించి ఇవ్వనా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు (వకీలు గుమాస్తా, తెనాలి):
వద్దమ్మా, ఆ పని మాత్రం చేయకండి. ఇరవై రెండేళ్లుగా ఈ కాగితాలతోనే ఉన్నాను. ఒక పెద్దాయన ఇలాగే చేయించి, మేము వద్దనేసరికి ప్లాస్టిక్ ఊడదీయబోతే సంతకం దగ్గర కాగితం పొర లేచిపోయింది. సంతకం కాదన్నప్పుడు నోటు చేతిరాత నిపుణుడి దగ్గరికి వెళ్లవచ్చు. కలం ఎక్కడ నొక్కారు, గీత ఎక్కడ ఆగింది అన్నది ఆయన కాగితం మీదే చూడాలి. మడత విప్పి కవర్లో పెట్టి, రెండు అట్టల మధ్య ఉంచండి. పిన్ను, టేపు వద్దు. పెన్నుతో ఏమీ రాయొద్దు. ఎగ్జిబిట్ నంబరు, అంటే సాక్ష్యంగా తీసుకున్న కాగితానికి వేసే ఎ-1, ఎ-2 లాంటి గుర్తు, సాక్ష్యం రోజు కోర్టులోనే పడుతుంది.

జిరాక్స్ రెండు వైపులా తీయించండి. మీ కేసుకి ప్రాణం వెనకవైపే ఉంది. నోటుకి గడువు మూడేళ్లు. ఆ లోపే చెల్లు పడింది కాబట్టి 2024 మే నుంచి మళ్లీ మూడేళ్లు లెక్క. అందుకే నోటు ఎ-1 అయితే, చెల్లుని విడిగా ఎ-2 అని మార్క్ చేయిస్తాం. సాక్షులు, దస్తూరి (నోటు రాసినాయన) ఊళ్లోనే ఉన్నారా?

జవాబు (జూనియర్ అడ్వొకేట్):
వాట్సాప్‌కి స్క్రీన్‌షాట్ ప్రింటు ఒక్కటే చాలదండీ. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి. అందులో ఒక భాగం మీవాళ్లు, రెండో భాగం డిజిటల్ రికార్డుల నిపుణుడు సంతకం చేయాలి. హాష్ వాల్యూ (ఫైలుకి వేలిముద్ర లాంటి కోడ్) కూడా రాయాలి. ఫోను మార్చకండి, మెసేజ్‌లు తీసేయకండి. అన్నీ దావాతోపాటే లిస్టులో చూపించండి. తర్వాత పెట్టాలంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 7 రూల్ 14 కింద కోర్టు అనుమతి అడగాల్సి వస్తుంది.

అడిగినవారు:
ధన్యవాదాలు బాబాయ్ గారూ, లాయరు గారూ. దస్తూరి పోయిన ఏడాది చనిపోయారు. సాక్షుల్లో ఒకాయన మా పక్క వీధే.

గుమాస్తా:
ఆయన్ని రేపే కలవండమ్మా. డబ్బు లెక్కపెట్టి ఇవ్వడం చూశారా, సంతకం ఆయన ముందే పెట్టాడా అని అడగండి. ఏం చెప్పాలో మాత్రం నేర్పొద్దు. చెల్లు రాసిన రోజు అక్కడ ఎవరున్నారో నాన్నగారిని అడిగి, సోమవారం లాయరు గారికి చెప్పండి.