డబ్బాలో పెసలు సజీవమా, నిర్జీవమా? మా ఇంట్లో రెండు రోజులుగా ఇదే గోల

చిన్ని_అమ్మ: మా పాప ఆరో తరగతి. సజీవులు, నిర్జీవులు వేరు చేసి రాయమంటే ఎండు పెసల్ని సజీవుల్లో రాసింది, టీచర్ తప్పు కొట్టి అర మార్కు తీసేశారు. కదలవు, తినవు, పెరగవు కాబట్టి నిర్జీవమట. మరి నానబోస్తే మొలకలు ఎక్కడి నుంచి వచ్చాయమ్మా, చచ్చినవి మళ్ళీ పుట్టాయా అని అది నన్ను పట్టుకుంది. ఏం చెప్పాలి?

కౌలు_రైతు: చెల్లెమ్మా, పాపదే కరెక్టు. గింజ ఊపిరి తీసుకుంటుంది, కాకపోతే మనకి తెలియనంత నెమ్మదిగా. సరిగ్గా ఆరని గింజల్ని బస్తాలకెత్తి నాలుగు రోజులాగి లోపల చెయ్యి పెట్టి చూడండి, వేడి తగులుతుంది. తేమకి గింజ శ్వాస పెరిగి, దానికి బూజు కూడా తోడై వచ్చే వేడి అది. ఒక ఏడు నేనలాగే తొందరపడి పెసలు బస్తాలు కట్టేశాను, విత్తనానికి పనికిరాకుండా పోయాయి.

రిటైర్డ్_బయాలజీ: ఈ పాఠం ముప్పై ఏళ్ళు చెప్పాను. లక్షణాల పట్టికని జల్లెడలా వాడితేనే తంటా. పెరగడమే లెక్కయితే పాకంలో పటికబెల్లం కూడా పెరుగుతుంది, కాకపోతే దానికి పైపైన పేరుకుంటుంది, జీవి మాత్రం తీసుకున్నదాన్ని తనలో కలుపుకుని లోపల్నుంచి పెరుగుతుంది. పిల్లల్ని కనడమే లెక్కయితే పిల్లలు పుట్టని కంచర గాడిద సంగతేంటి? అందుకే కణం ఉందా, అందులో జీవక్రియ నడుస్తోందా అని చూడమనేవాణ్ణి. వైరస్ దగ్గరికొస్తే అదీ తేలదు. 1935లో స్టాన్లీ అనే అమెరికన్ శాస్త్రవేత్త పొగాకు మొజాయిక్ వైరస్‌ని స్ఫటికాలుగా మార్చి చూపించాడు, ఆ స్ఫటికాలనే ఆకుకి రాస్తే మళ్ళీ తెగులొచ్చింది.

డల్లాస్_అల్లుడు: మా అత్తగారు పుట్టగొడుగుల్ని వంటింట్లోకి రానివ్వరు, అది మొక్క కాదు, శాకాహారం ఎలా అవుతుంది అంటారు. మొక్క కాదన్నది నిజమేనా సార్?

రిటైర్డ్_బయాలజీ: నిజమే బాబూ. 1735లో లిన్నేయస్ అనే స్వీడన్ శాస్త్రవేత్త జీవుల్ని రెండే రాజ్యాలు చేస్తే, కదలదు కాబట్టి పుట్టగొడుగు మొక్కల్లో పడిపోయింది. 1969లో విట్టేకర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఐదు రాజ్యాలు చేసి శిలీంధ్రాలని, అంటే పుట్టగొడుగులు, బూజుల జాతిని, వేరు కాపురం పెట్టించాడు. పత్రహరితం లేదు, కణం గోడలో రొయ్య పెంకులో ఉండే కైటినే ఉంటుంది, దాచుకునేది పిండి కాదు, మన కాలేయంలో లాగే గ్లైకోజన్. చుట్టరికం చూస్తే మొక్కల కన్నా జంతువులకే దగ్గర. ఈ చివరి ముక్క మీ అత్తగారికి చెప్పకండి.

పెసరట్టు_ఫ్యాన్: మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. పెసలు, మినుములు, అలసందలు మూడూ ఒకే ప్రజాతి, అంటే దగ్గరి చుట్టాలైన జాతుల గుంపు, పేరు విగ్నా. లిన్నేయస్ పెసల్నీ మినుముల్నీ రాజ్మాతో కలిపి ఫేసియోలస్ అనే ప్రజాతిలో పెట్టాడు, తర్వాత వాళ్ళొచ్చి విడదీశారు. కందులు వేరే ప్రజాతి. అంటే ఇడ్లీ, పెసరట్టు అన్నదమ్ములు, సాంబారు ఏదో దూరపు చుట్టం.

చిన్ని_అమ్మ: అందరికీ థాంక్స్ అండి. పాప 100 పెసలు లెక్కపెట్టి తడిగుడ్డలో కట్టింది, పక్కన పొట్టు తీసిన పెసరపప్పు కూడా నానబెట్టింది. పప్పులో ఒక్కటీ మొలవలేదు, వాసనొస్తే నేనే పారబోశాను. పెసలు మూడో రోజుకి 83 మొలిచాయి. ఇప్పుడు కొత్త టెన్షన్, ఆ మిగతా 17 చచ్చాయా, నిద్రపోతున్నాయా అని.

కౌలు_రైతు: వేలితో నొక్కి చూడమనండి. మెత్తగా కుళ్ళితే పోయినట్టే. రాయిలా ఉంటే అది గట్టి గింజ, పై తొక్క నీళ్ళు పీల్చలేదంతే, లోపల ప్రాణం ఉండొచ్చు. పెసర విత్తనానికి కనీసం 75 శాతం మొలక ఉండాలి, ఆ లెక్కలో గట్టి గింజల్ని కూడా కలుపుతారు. గరుకు కాగితం మీద కొంచెం రుద్ది మళ్ళీ నానబెట్టమనండి.

చిన్ని_అమ్మ: ఐదు రాయిలా ఉన్నాయన్నా. అన్నం కూడా తినకుండా రుద్దుతూ కూర్చుంది.