కోత మిషన్ ఆయిల్ రిపోర్టులో ఐరన్ 88. ఇంజన్ దించాల్సిందేనా?

ప్రశ్న: వరి కోత మిషన్, 15డబ్ల్యూ-40 ఆయిల్. 240 గంటలు నడిచాక, ఆయిల్లో ఏ లోహాల అరుగుడు పొడి ఎంత ఉందో చూడమని శాంపిల్ ల్యాబ్‌కి పంపాను. ఐరన్ 88, సిలికాన్ 46, అల్యూమినియం 19, క్రోమియం 5, లెడ్ 4, కాపర్ 9, సోడియం 7, అన్నీ పీపీఎంలో (పది లక్షల భాగాల్లో ఇన్ని భాగాలు). 100 డిగ్రీల దగ్గర చిక్కదనం 14.2 సెంటీస్టోక్స్. పోయిన సీజన్లో ఇన్నే గంటలకి ఐరన్ 34, సిలికాన్ 11. మిగతావి దాదాపు ఇంతే, క్రోమియం, అల్యూమినియం మాత్రం తక్కువ. మెకానిక్ ఇంజన్ దించాలంటున్నాడు. పదిహేను రోజుల్లో కోతలు. ఒకటే టెన్షన్.

జవాబు: ఆగన్నా, ఇప్పుడే దించకు. ఐరన్ కంటే ముందు సిలికాన్ చూడు, నాలుగింతలైంది. అది పొలం దుమ్ము. లోపలికి వెళ్లి లైనర్‌నీ (పిస్టన్ ఆడే గొట్టం), పిస్టన్ చుట్టూ ఉండే రింగుల్నీ ఉప్పుకాగితంలా రుద్దుతోంది. ఐరన్ ఎక్కువగా లైనర్‌ది, క్రోమియం రింగులది. అల్యూమినియం కొంత పిస్టన్లది, కొంత ఆ మట్టిలోదే. లెడ్, కాపర్ పెరగలేదు కాబట్టి బేరింగుల మీద నాకు అనుమానం లేదు. సోడియం పెరగలేదు, కూలెంట్ కలవట్లేదు. ఈ గ్రేడుకి చిక్కదనం 12.5 నుంచి 16.3 లోపు ఉండాలి, నీది మధ్యలోనే ఉంది. ఈమధ్య ఆయిల్ పాన్ విప్పి సీలెంట్ పూశారా? దాన్నుంచి కూడా సిలికాన్ వస్తుంది.

ప్రశ్న అడిగినవారు: విప్పలేదు. ఎయిర్ ఫిల్టర్‌కి మాత్రం రోజూ కంప్రెసర్‌తో గాలి కొట్టిస్తాం.

జవాబు: అదే తంటా! ఆ ఒత్తిడికి కాగితం చిల్లులు పడుతుంది. ఫిల్టర్ దాటాక ఉండే హోస్ ఊడదీసి లోపల వేలితో తుడిచి చూడు.

ఇంకొకరు: ఒక మాట. ల్యాబ్ మిషన్‌కి సన్నటి పొడే కనిపిస్తుంది, పెద్ద రేకులు లెక్కలోకి రావు. పాత ఆయిల్ ఫిల్టర్ కోసి, కాగితం పరిచి, అయస్కాంతం తిప్పి చూడండి.

ప్రశ్న అడిగినవారు: రెండూ చూశాను. ఫిల్టర్లో రేకుల్లేవు. హోస్‌లో వేలికి ఎర్రమట్టి అంటింది, క్లిప్పు కింద జానెడు చీలిక!

జవాబు: హోస్, ఎయిర్ ఫిల్టర్, ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ అన్నీ మార్చెయ్. 50 గంటలకి మళ్లీ శాంపిల్ తియ్యి, ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు, మొదటి ధార వదిలేసి. పాత ఆయిల్ కొంత లోపలే మిగులుతుంది కాబట్టి ఐరన్ సున్నా నుంచి మొదలవదు. 20 లోపుంటే కోతలకి వెళ్లు. దాటితే, లేదా ఆయిల్ తాగుతూ నీలం పొగ వస్తుంటే, అప్పుడు కంప్రెషన్ (పిస్టన్ నొక్కినప్పుడు లోపల నిలిచే గాలి ఒత్తిడి) చూపించు.